అనకాపల్లి రోడ్డు ఎవరి కోసం వేశారు? బండి బాట నుంచి ఆరు లైన్ల దాకా

ముందు ఒక టైమ్ చెప్తాను. తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలు. అది మా పిన్ని ఫోన్‌లో అలారం.

పిన్ని ఉండేది అనకాపల్లి గవరపాలెంలో. పని చేసేది అచ్యుతాపురం సెజ్‌లో, బట్టలు కుట్టే కంపెనీలో. షిఫ్ట్ ఆరింటికి, బస్సు ఐదింటికి. దూరం ఎంతో తెలుసా? సుమారు 14 కిలోమీటర్లు. నేను బెంగళూరులో నాలుగేళ్లు కోడ్ రాసినప్పుడు రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో ఉండేవాణ్ణి, కాబట్టి 14 కిలోమీటర్లకి గంట అంటే నాకు వింత కాదు. కానీ అది బెంగళూరు. ఇది రెండు పక్కలా చెరుకు తోటలున్న రోడ్డు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే పిన్ని అంది: "ఏరా, వీడియోల్లో రాజులు, కోటలు, యుద్ధాలు అన్నీ చెప్తావు గదా. మా రోడ్డు కథ ఎవుడు చెప్తాడు?"

నవ్వేశాను. తర్వాత రెండు వారాలు అదే పని మీద ఉన్నాను. చదివాను, తిరిగాను, అర్జీలు పెట్టాను. చదివే కొద్దీ ఒక ప్యాటర్న్ కనిపించింది. అనకాపల్లి మీదుగా పోయే రోడ్డుకి డబ్బులు ఎప్పుడూ ముందే వచ్చాయి. అనకాపల్లి వాళ్లు రోజూ తిరిగే రోడ్డుకి మాత్రం ఎప్పుడూ తర్వాతే వచ్చాయి. సుమారు నూటయాభై ఏళ్లుగా ఇదే కథ. ఈ ఎపిసోడ్ దాని గురించే.

కొండ మీద నుంచి మొదలుపెడదాం

అనకాపల్లికి దగ్గర్లో శంకరం అనే ఊరుంది. అక్కడే బొజ్జన్నకొండ, పక్కనే లింగాలకొండ. చాలామందికి అది సెల్ఫీ స్పాట్. నిజానికి అది బౌద్ధ విహారం. శంకరం అనే పేరు సంఘారామం నుంచి వచ్చిందని చెప్తారు. 1900ల మొదటి దశకంలో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి అక్కడ తవ్వించాడు. కొండ రాయిని తొలిచి కట్టిన స్తూపాలు, గుహలు, పాత నాణేలు బయటపడ్డాయి.

రోడ్డు కథలో ఈ కొండ ఎందుకంటే, బౌద్ధ భిక్షువులు మనుషులు రాని అడవిలో విహారాలు కట్టుకోలేదు. వాళ్ల తిండి భిక్ష మీద ఆధారం. వ్యాపారులే వాళ్లకి దాతలు. అందుకే వ్యాపార దారులకి మరీ దూరం కాకుండా, మరీ రోడ్డు మీద పడకుండా కొండలు చూసుకునేవాళ్లు. అంటే హైవే అనే మాట పుట్టక ముందే ఈ చుట్టుపక్కల మనుషులు, సరుకులు కదిలే దారి ఒకటి ఉంది.

మన భూమి ఆకారం చూడండి. ఒక పక్క తూర్పు కనుమలు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో సన్నటి మైదానం. ఉత్తరం నుంచి దక్షిణానికి ఎవరు వెళ్లాలన్నా ఈ సందులోంచే వెళ్లాలి. ఆ సందులో, శారదా నది ఒడ్డున ఉంది అనకాపల్లి. ఈ ఊరు రోడ్డుని వెతుక్కోలేదు, రోడ్డే ఈ ఊరి మీదుగా వచ్చింది.

కంపెనీ వాళ్ల ట్రంక్ రోడ్డు

బ్రిటిష్ వాళ్లకి మద్రాసు, కలకత్తా రెండూ ముఖ్యమే. రెంటినీ కలుపుతూ కోస్తా వెంబడి ఒక ట్రంక్ రోడ్డు ఉండేది. నెల్లూరు, రాజమండ్రి, తుని దాటి మన అనకాపల్లి మీదుగా పైకి పోయేది. దాని మీద నడిచేవి రెండు: సైన్యం, తపాలా. అందుకే దాని ఖర్చు పెద్ద ఖజానా నుంచి వచ్చేది.

మరి ఊరి నుంచి సంతకి, పొలం నుంచి మార్కెట్‌కి వెళ్లే బాటల సంగతి? దానికి వేరే ఖాతా. మద్రాసు ప్రెసిడెన్సీలో 1866లో రోడ్డు సెస్సు చట్టం వచ్చింది. 1871లో లోకల్ ఫండ్స్ చట్టం వచ్చింది. రైతు కట్టే శిస్తు మీద రూపాయికి ఇన్ని పైసలని అదనంగా వసూలు చేసి, ఆ డబ్బుతో స్థానిక రోడ్లు, బళ్లు, ఆస్పత్రులు చూసుకోమన్నారు. 1884లో లోకల్ బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి.

సింపుల్‌గా చెప్పాలంటే, సైన్యం నడిచే రోడ్డుకి సర్కారు డబ్బు, రైతు నడిచే రోడ్డుకి రైతు డబ్బు. ఇక్కడ పడిన ఈ గీత తర్వాత చెరగలేదు. రంగు మారింది, అంతే.

దీనికి తోడు ఆశీలు గేట్లు. బండి వెళ్తే బండికింత అని కట్టాలి. 1931లో మద్రాసు ప్రభుత్వం మోటారు బండ్ల మీద పన్ను చట్టం తెచ్చి, ఆ గేట్లు ఎత్తేసింది. మీరు 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ లేకపోతే అదనంగా కడుతున్నారే, దాని ముత్తాత ఆ గేటు. పోయిందనుకున్నది తొంభై ఏళ్లకి స్కానర్ పెట్టుకుని తిరిగొచ్చింది.

తాత బండి, కరిగిన బెల్లం

ఇప్పుడు మా ఇంటి కథ కొంచెం. మా అమ్మ వాళ్ల నాన్న మునగపాక వైపు రైతు. మునగపాక అంటే చెరుకు, బెల్లం. మా ఊళ్లలో బెల్లం వండడం అంటే చలికాలం మొత్తం సాగే పండగ. గానుగ, పెద్ద పెనం, పొయ్యిలోకి ఎండిన చెరుకు పిప్పి, పాకం వాసన. ఆ బెల్లం దిమ్మలు బండి మీద వేసుకుని అనకాపల్లి మార్కెట్‌కి తీసుకెళ్లాలి. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ఒకటి, ఆ సంగతి మీకు తెలిసిందే. ఈ చెరుకు కోసమే 1913లో ఇక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం కూడా పెట్టారు.

ఎద్దుల బండి స్పీడు ఎంత? గంటకి మూడు, నాలుగు కిలోమీటర్లు. మునగపాక నుంచి అనకాపల్లికి ఏడెనిమిది కిలోమీటర్లు. అంటే రెండు గంటల పైనే. తెల్లారేసరికి మార్కెట్‌లో ఉండాలంటే రాత్రి రెండింటికే బండి కట్టాలి. తాత చెప్పేవాడు: "బండి దిగబడిపోతే ముగ్గురం దిగి తోసేవోళ్లం. వాన వచ్చిందా, ఇంక గోనెలు మా మీద కాదు, బెల్లం మీదే కప్పేవోళ్లం."

బెల్లానికి తేమ తగిలితే మెత్తబడుతుంది, కారుతుంది, రంగు మారుతుంది. రంగు మారితే రేటు పడిపోతుంది. కాబట్టి దారిలో ఒక గంట ఆలస్యం అంటే రైతుకి అది టైమ్ లాస్ కాదు, డైరెక్ట్‌గా డబ్బు లాస్. రోడ్డు బాగుంటే ఎవరికి లాభం అనే ప్రశ్నకి నాకు తెలిసిన మొదటి జవాబు అదే. తడిసిన బెల్లం దిమ్మ.

1893–96 మధ్య తూర్పు తీరం రైల్వే లైను వేశారు. అనకాపల్లికి రైలు వచ్చింది. బెల్లం దూరం ఊళ్లకి పోవడం మొదలైంది. కానీ రైలు స్టేషన్ దాకా బెల్లాన్ని తెచ్చేది మాత్రం ఆ బండే, ఆ బాటే. చివరి పది కిలోమీటర్లు మారలేదు.

రోడ్లకి కులాలు పెట్టిన మీటింగ్

1927లో జయకర్ కమిటీ వేశారు. అప్పటికి మోటారు బస్సులు, లారీలు వస్తున్నాయి, రోడ్లు తట్టుకోవట్లేదు. ఆ కమిటీ చెప్పిన దాని మీదే 1929లో పెట్రోల్ మీద పన్నుతో కేంద్ర రోడ్డు నిధి వచ్చింది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుట్టింది. ఈ రోజుకీ మన దేశంలో రోడ్డు ఎంత వెడల్పు, ఎంత మందం ఉండాలో చెప్పే పుస్తకాలు వాళ్లవే.

1943లో నాగపూర్‌లో చీఫ్ ఇంజనీర్లందరూ కూర్చుని ఇరవై ఏళ్ల ప్లాన్ వేశారు. అందులోనే రోడ్లని తరగతులుగా విడగొట్టారు. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, జిల్లా ప్రధాన రోడ్డు, ఇతర జిల్లా రోడ్డు, చివరగా గ్రామ రోడ్డు. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. మన ట్రంక్ రోడ్డు నేషనల్ హైవే 5 అయింది. 2010లో నంబర్లు మార్చినప్పుడు 16 అయింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ఎన్‌హెచ్ ఫైవ్ అనే అంటారు.

ఈ విభజన చెడ్డదని నేను అనను. ఏదో ఒక ఆర్డర్ ఉండాలి. కానీ దాని ప్రభావం చూడండి. మీ ఇంటి ముందు గుంత ఎవరిది? అనకాపల్లి టౌన్ 2013లో గ్రేటర్ విశాఖ కార్పొరేషన్‌లో కలిసింది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రం అయింది. అంటే ఒకే ఊళ్లో లోపలి వీధి కార్పొరేషన్‌ది, ఊరు దాటిన పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది, పల్లెలోకి తిరిగే రోడ్డు పంచాయతీరాజ్‌ది, హైవే ఎన్‌హెచ్‌ఏఐది. నలుగురు ఓనర్లు. మనం చేసే ఫిర్యాదుల్లో సగం రాంగ్ నంబర్‌కి వెళ్తాయి. నాది కూడా వెళ్లింది, దాని సంగతి తర్వాత చెప్తాను.

నాలుగు లైన్లు, ఆరు లైన్లు

వాజ్‌పేయి ప్రభుత్వం స్వర్ణ చతుర్భుజి మొదలుపెట్టింది. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలని కలుపుతూ 5,846 కిలోమీటర్లు. చెన్నై–కోల్‌కతా భుజం మన మీదుగానే వెళ్లింది. రెండు లైన్ల రోడ్డు నాలుగు లైన్లయింది. నా చిన్నప్పటి హైవే జ్ఞాపకం అంతా అదే. మధ్యలో గన్నేరు మొక్కలు, అటు వైపు లారీలు, ఇటు వైపు లారీలు.

తర్వాత వచ్చింది అసలు పెద్దది: అనకాపల్లి–ఆనందపురం ఆరు లైన్ల రోడ్డు. పాత హైవే లంకెలపాలెం, గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ మీదుగా విశాఖ నగరం పొట్టలోంచి పోయేది. కొత్తది అనకాపల్లి దగ్గర పక్కకి తిరిగి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురంలో కలుస్తుంది. పాత దారి 61.4 కిలోమీటర్లు. కొత్త దారి 50.78. పదిన్నర కిలోమీటర్లు తగ్గింది. అంతకంటే ముఖ్యంగా, ఎక్కడికో పోయే లారీ విశాఖ సిగ్నళ్ల దగ్గర ఆగే అవసరం పోయింది.

డబ్బులు ఎలా అంటే, హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి. 2016లో వచ్చిన మోడల్. కడుతున్నప్పుడు ప్రభుత్వం 40 శాతం ఇస్తుంది. మిగతా 60 శాతం కాంట్రాక్టరు అప్పో సప్పో చేసి పెట్టాలి. తర్వాత 15 ఏళ్ల పాటు ఆరు నెలలకోసారి ప్రభుత్వం అతనికి వాయిదాలు కడుతుంది. మీ ఫోన్ ఈఎంఐ లాగే, కాకపోతే దుకాణం వాడే 15 ఏళ్లు రిపేరు కూడా చేయాలి. ఇందులో మంచి పాయింట్ అదే. నాసిరకంగా వేస్తే, ఆ గుంతలు వాడే పూడ్చుకోవాలి.

పనులు 2019లో మొదలయ్యాయి, 2021లో చివరి దశకి వచ్చాయి. ఇక్కడ స్పీడు తగ్గించి ఒక తేదీ చెప్పాలి.

2021 జులై 6. అనకాపల్లి దగ్గర కడుతున్న ఫ్లైఓవర్ బీములు కింద నడుస్తున్న రోడ్డు మీద పడ్డాయి. కింద వెళ్తున్న కారు, ట్యాంకరు నలిగిపోయాయి. ఇద్దరు చనిపోయారు.

ఆ రోజు నేను బెంగళూరులో, వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నాను. ఫ్యామిలీ గ్రూపులో ఫొటో వచ్చింది. మొదట ఎవరూ ఏమీ రాయలేదు. అందరం ఒకరికొకరు ఫోన్ చేసుకుని ఎక్కడున్నావని అడిగాం. ఎందుకంటే ఆ చోటు మీదుగా మేం రోజూ వెళ్తాం. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఒక మాట ఉంది, లైవ్ సర్వర్ మీద టెస్టింగ్ చేయకూడదని. కింద జనం తిరుగుతుండగా పైన బీములు నిలబెట్టడం అదే. దగ్గరి ఊరి వాళ్లకి వేరే దారి లేదు, కాబట్టి రిస్కు వాళ్లది.

ఈ రోజు ఆ రోడ్డు బాగుంది. నేను కూడా దాని మీద హాయిగా వెళ్తాను. కానీ రోడ్డు ప్రోగ్రెస్ లెక్క వేసేటప్పుడు కిలోమీటర్లు, కోట్లు మాత్రమే లెక్కేస్తాం. ఆ ఇద్దరు ఏ కాలమ్‌లో ఉన్నారు?

ఇప్పుడు అసలు 14 కిలోమీటర్లు

పిన్ని రోడ్డుకి వద్దాం. అనకాపల్లి నుంచి మునగపాక మీదుగా అచ్యుతాపురం. అక్కడి నుంచి ఇంకా ముందుకెళ్తే పూడిమడక, సముద్రం. మా చిన్నప్పుడు ఈ రోడ్డు మీద వెళ్లేది మూడింటికి: చెరుకు, చేపలు, కొండకర్ల ఆవలో పడవ ఎక్కే పిక్నిక్.

ఇరవై ఏళ్లలో దీని డ్యూటీ మొత్తం మారిపోయింది. అచ్యుతాపురంలో సెజ్ వచ్చింది. వెయ్యి ఎకరాల్లో బ్రాండిక్స్ అపారెల్ సిటీ వచ్చింది. వేల మంది అమ్మాయిలు కుట్టుపనికి వెళ్తున్నారు. పక్కనే ఫార్మా కంపెనీలు. రాంబిల్లి వైపు నేవీ బేస్. 2025 జనవరి 8న పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి ప్రధాని శంకుస్థాపన చేశారు. దాని పెట్టుబడి అంచనా సుమారు 1,85,000 కోట్లు. ఇంత బరువు మోయాల్సింది ఎవరు? చెరుకు బండ్ల కోసం వేసిన రోడ్డు.

ఒక చిన్న లెక్క చూడండి. రెండు లైన్ల రోడ్డు తారు వెడల్పు 7 మీటర్లు. లారీకి చట్టం ఒప్పుకునే గరిష్ఠ వెడల్పు 2.6 మీటర్లు. రెండు లారీలు ఎదురుపడితే 5.2 వాటికే పోయింది. మిగిలేది 1.8. ఆ 1.8లో ఒక బైకు, ఒక షేర్ ఆటో, సైకిల్ మీద స్కూలు పిల్లాడు, పక్కన నిలబడ్డ గేదె. ఇంకా రోడ్డు అంచు కోసుకుపోతే ఆ 1.8 కూడా లేదు.

2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. గాయపడిన వాళ్లని అనకాపల్లికి, విశాఖకి తరలించాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి పిన్నికి ఈ రోడ్డు అంటే బస్సు రోడ్డు కాదు, అంబులెన్సు రోడ్డు. "మనకేమన్నా అయితే ఎంతసేపట్లో అనకాపల్లి చేరతాం?" అని బస్సులో అమ్మాయిలు మాట్లాడుకుంటారట. పాతికేళ్లు కూడా లేని పిల్లలు.

ఈ 13.8 కిలోమీటర్లని నాలుగు లైన్లు చేసే పని విశాఖ–చెన్నై ఇండస్ట్రియల్ కారిడార్ ప్రోగ్రామ్ కింద ఉంది. దానికి ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పు ఇస్తోంది. 2016లో ఆ బ్యాంకు సుమారు 800 కిలోమీటర్ల ఈ కారిడార్ కోసం 631 మిలియన్ డాలర్ల ప్యాకేజీ ఆమోదించింది. 2016 అనే సంవత్సరం గుర్తుపెట్టుకోండి. హైవే పని 2019లో మొదలై రెండు, రెండున్నరేళ్లలో బండ్లు తిరిగాయి. దీనికి ఇంకా దుమ్ము రేగుతూనే ఉంది. మళ్లీ అదే గీత.

నేను బైకు మీద మొత్తం తిరిగాను. కొన్నిచోట్ల వెడల్పు చేసి చక్కగా ఉంది, సర్రుమని పోవచ్చు. ఊరు వచ్చేసరికి రోడ్డు గొంతు పట్టేసినట్టు సన్నబడుతుంది. ఎందుకంటే పొలం పక్కన మట్టి తవ్వడం ఈజీ, ఊళ్లో ఇల్లు తియ్యడం కష్టం. ఇక్కడే అసలు పీటముడి.

టీ కొట్టు అక్క అడిగిన ప్రశ్న

దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగాను. కొట్టు గోడ మీద ఎర్ర రంగు మార్కు ఉంది. ఆ గీత దాకా పోతుంది. అంటే పొయ్యి, బల్ల, ముందున్న రేకు పందిరి. వెనక మిగిలేది సామాన్లు పెట్టుకునే గది.

"రోడ్డు వద్దంటావా అక్కా?" అనడిగాను.

"వద్దని ఎందుకంటాను బాబూ? మా పాప ఈ రోడ్డు మీదే కాలేజీకెళ్తాది. రోడ్డు కావాలి. కానీ స్థలం ఓనరుది, డబ్బులు ఓనరుకొస్తాయి. పదకొండేళ్లుగా టీ పోస్తన్నది నేను. నాకేటొస్తాది?"

నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇంటికొచ్చి చదివాను. మీ ఊళ్లో ఎవరికైనా పనికొస్తుంది కాబట్టి కొంచెం ఓపికగా వినండి.

పాత భూసేకరణ చట్టం 1894ది. వందేళ్ల పైన అదే నడిచింది. ఆ చట్టానికి ముఖ్యంగా కనిపించేది భూమి మీద హక్కు ఉన్నవాళ్లే. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 చట్టంలో లెక్క మారింది. మార్కెట్ విలువ మీద గ్రామాల్లో గుణకం, దాని మీద 100 శాతం సొలేషియం. ఇది ఓనరుకి. ఇంకోటి ఉంది. ఆ చట్టంలో 'బాధిత కుటుంబం' అంటే భూమి ఉన్నవాళ్లే కాదు. సేకరణకి ముందు మూడేళ్లుగా అక్కడ పని చేస్తూ, ప్రధాన జీవనోపాధి దెబ్బతినే కౌలుదార్లు, కూలీలు, చేతివృత్తుల వాళ్లు కూడా అందులోకి వస్తారు.

రెండోది, ఆసియా అభివృద్ధి బ్యాంకు తన అప్పుతో జరిగే పనులకి 2009లో ఒక రక్షణ విధానం పెట్టుకుంది. దాని ప్రకారం భూమి మీద హక్కు పత్రం లేనివాళ్లకి కూడా, భూమి కాకుండా పోయిన మిగతా ఆస్తికి, అంటే పందిరి, గోడ లాంటి వాటికి పరిహారం ఇవ్వాలి. ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఉండాలి. మూడోది, వీధి వ్యాపారుల చట్టం 2014 టౌన్‌లో బండి పెట్టుకున్న వాళ్లకి కొంత రక్షణ ఇస్తుంది.

మళ్లీ వెళ్లి అక్కకి ఇవన్నీ చెప్పాను. "మూడేళ్లు పనిచేసినట్టు కాగితం ఏటుంటాది?" అంది. ఆలోచించాం. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంది. కానీ గ్యాస్ రసీదులు ఉన్నాయి. ఇంకోటి, ఫోన్‌పే క్యూఆర్ కోడ్. నాలుగేళ్ల లావాదేవీలన్నీ ఫోన్‌లో ఉన్నాయి. ఆ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి అర్జీకి జత చేశాం. పని అవుతుందో లేదో ఈ రోజు చెప్పలేను. కానీ అక్క పేరు ఇప్పుడు ఒక ఫైల్‌లో ఉంది. అంతకుముందు లేదు.

రాంగ్ నంబర్ అర్జీ

నా అర్జీ సంగతి చెప్తానన్నాను కదా. సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు రాశాను. ఎన్ని కిలోమీటర్లు పూర్తయింది, ఎంత భూమి ఇంకా తీసుకోవాలి, ఒప్పందం ప్రకారం గడువు ఎప్పుడు. పది రూపాయల ఫీజు కట్టి ఒక ఆఫీసులో ఇచ్చాను. అక్కడ కౌంటర్‌లో ఆయన చూసి, "ఇది మాది కాదు బాబూ, అవతలోళ్లది" అని తిప్పి ఇవ్వబోయాడు.

అక్కడే ఆగిపోవద్దు ఫ్రెండ్స్. చట్టంలో సెక్షన్ 6(3) అని ఉంది. రాంగ్ ఆఫీసుకి ఇచ్చినా సరే, వాళ్లే ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకి పంపాలి, మనకి చెప్పాలి. నేను ఆ మాట మర్యాదగానే చెప్పాను. తీసుకున్నాడు. వాదించలేదు, కోప్పడలేదు. ఆయనకీ రోజంతా ఇదే కదా పని. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. నా గడువు ఇంకా నడుస్తోంది. వచ్చాక అది ఏం చెప్పినా ఇక్కడే చదివి వినిపిస్తాను, మంచిదైనా, చెడ్డదైనా.

మీరూ అడగొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. అడిగేటప్పుడు "రోడ్డు ఎందుకు బాలేదు?" అని రాయకండి. దానికి జవాబు రాదు. ఒప్పందం కాపీ, పని పురోగతి రిపోర్టు, రిపేరు బాధ్యత ఎన్నేళ్లు, ఎవరిది. ఇలా కాగితం పేరు పెట్టి అడగండి. మా పాత ఉద్యోగంలో బగ్ రిపోర్టు రాసినట్టు. ఎంత స్పష్టంగా రాస్తే అంత తప్పించుకోలేరు.

మరి రోడ్డు ఎవరి కోసం?

నేను హైవేకి వ్యతిరేకం కాదు. అనకాపల్లి బెల్లం ఈ రోజు దూరం రాష్ట్రాలకి పోతుందంటే ఆ హైవే వల్లే. ఆరు లైన్ల రోడ్డు వల్ల విశాఖకి గాలి ఆడింది. కానీ నూటయాభై ఏళ్ల కథని ఒక వరసలో పెట్టి చూస్తే, మనం దారిలో ఉన్న ఊరుగా బాగానే లెక్కకొచ్చాం. దారి కావాల్సిన ఊరుగా ఆలస్యంగా లెక్కకొచ్చాం. సైన్యానికి దారి, తపాలాకి దారి, తర్వాత కంటైనర్లకి దారి. తాత బండికి సెస్సు. పిన్ని బస్సుకి దుమ్ము.

ఈసారి తేడా ఏంటంటే, ఈ 14 కిలోమీటర్లు సెజ్‌కి కూడా కావాలి, పోర్టులకి కూడా కావాలి, పిన్నికి కూడా కావాలి. కాబట్టి ఎప్పటికైనా పూర్తవుతుంది. పూర్తయ్యేటప్పుడు నేను చూసేవి మూడే. ఊళ్ల మధ్య మనుషులు దాటడానికి దారి పెట్టారా? బస్సు ఆగేచోట అమ్మాయిలు నిలబడడానికి లైటు, నీడ ఉన్నాయా? ఆ టీ కొట్టు అక్క ఎక్కడో ఒకచోట మళ్లీ పొయ్యి వెలిగించిందా? నాలుగు లైన్లు పడ్డాక ఇవి లేకపోతే, మళ్లీ మన ఊరి మీదుగా ఎవరికో రోడ్డు వేసినట్టే.

షూటింగ్ అయ్యాక పిన్నికి ఫోన్ చేశాను. కథ అంతా చెప్పాను, 1866 నుంచి. ఓపికగా విని, "బాగుంది గానీ, తాత బండి కట్టేది రెండింటికి. నేను లేచేది నాలుగింటికి. నూరేళ్లకి రెండు గంటలు కలిసొచ్చింది మనకి" అని నవ్వి ఫోన్ పెట్టేసింది. తెల్లారితే షిఫ్ట్ ఉంది కదా.

వచ్చే ఎపిసోడ్‌లో శారదా నది వంతెనల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా హెల్మెట్ పెట్టుకోండి, మెల్లగా వెళ్లండి. ఉంటాను.